ప్లాస్టిక్ శిరస్త్రాణం కిట్: మూడేళ్ల వాడకం తర్వాత

మూడేళ్ల క్రితం మా మేనల్లుడి కోసం కవచధారి వేషానికి సంబంధించిన ఒక శిరస్త్రాణాన్ని కిట్ రూపంలో ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఆరున్నర వేల రూపాయలకు వచ్చిన ఆ పెట్టెలో ముఖభాగం, తల వెనుక భాగం, రెండు చెవి మూతలు, అంచుకు రబ్బరు పట్టీ, కళ్లకు ఆకుపచ్చ పారదర్శక పలక, కొన్ని స్క్రూలు ఉన్నాయి. అప్పటి నుంచి హైదరాబాద్‌ హైటెక్స్‌లో జరిగే కామిక్ కాన్ అనే కామిక్స్ అభిమానుల వేడుకకు రెండుసార్లు, వాడి కాలేజీ వార్షికోత్సవానికి ఒకసారి, బంధువుల పిల్లల పుట్టినరోజులకు చాలాసార్లు దాన్ని వాడాము. బిగించిన మొదటి వారంలోనే రాసి ఉంటే ఈ సమీక్ష వేరుగా ఉండేది, ఎందుకంటే అప్పుడు నా దృష్టి అంతా పైకి కనిపించే నునుపు మీదే ఉంది. ఇలాంటి కిట్ నాలుగు కాలాలు ఉపయోగపడడం లోపలి ఏర్పాటు మీద ఆధారపడి ఉంటుందని, ఆ ఏర్పాటు మాత్రం పెట్టెలో రాదని ఇప్పుడు చెప్పగలను.

భాగాలన్నీ ఏబీఎస్ అనే గట్టి రకం ప్లాస్టిక్‌తో చేసినవి. వేడికి మెత్తబడిన పలకను అచ్చు మీద పరచి, కింది నుంచి గాలిని లాగేస్తే పలక అచ్చును అంటిపెట్టుకుని ఆ ఆకారం పొందుతుంది. ఎక్కడ ఎక్కువ సాగితే అక్కడ పలక పలచబడుతుంది. మాకు వచ్చిన ముఖభాగం అంచుల దగ్గర రెండు మిల్లీమీటర్ల మందం ఉండగా, గడ్డం కొన దగ్గర వేలితో నొక్కితే వంగేంత పలచగా ఉంది. ఇది తయారీ పద్ధతి స్వభావమే కాబట్టి దీన్ని అమ్మకందారు లోపంగా నేను లెక్కించను. కానీ పని మొదలుపెట్టే ముందే భాగాలను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, కాంతి ఎక్కువగా ప్రసరించే చోట్లను లోపలివైపు పెన్సిల్‌తో గుర్తించుకోవాలి. ఆ చోట్ల శాండ్ పేపర్ పెట్టకూడదు.

కత్తిరింపుకు నాకు రెండు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం చేసిన పొరపాటు నేటికీ శిరస్త్రాణం మీద కనిపిస్తుంది. పెట్టెలో వచ్చిన ఒక్క పేజీ సూచనల్లో గీత వెంట కత్తిరించమని మాత్రమే ఉంది. అది అచ్చు అంచును చూపే గీతా, తుది అంచును చూపే గీతా అన్నది లేదు. నేను సరిగ్గా గీత మీదే కోయడంతో, కుడి చెవి దగ్గర వెనుక భాగం కింద ఇమడవలసిన నాలుగైదు మిల్లీమీటర్ల అంచు పోయి, సందు మిగిలింది. గీతకు అర సెంటీమీటరు బయట కోసుకుని, రెండు భాగాలను కలిపి తలకు పెట్టి చూసుకుంటూ కొద్దికొద్దిగా లోపలికి రావడమే సరైన పద్ధతి. ఏబీఎస్‌ను ఒక్క వేటుకు తెగ్గోయనక్కరలేదు. పేపర్ కట్టర్‌తో ఒకే గాటు మీద మూడు నాలుగు సార్లు తేలికగా గీసి, అటూ ఇటూ వంచితే అక్కడికే విరుగుతుంది. కోత మిషన్ వేగం పెంచితే మాత్రం ప్లాస్టిక్ తెగడానికి బదులు కరిగి, చక్రానికి చుట్టుకుంటుంది.

కళ్ల రంధ్రాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కుడి కంటికి ముందుగా మూలల్లో డ్రిల్‌తో చిన్న గుండ్రటి రంధ్రాలు వేసి, వాటిని కలుపుతూ కోశాను. ఎడమ కంటికి ఓపిక చాలక మూలలను కత్తితోనే సూటిగా కోశాను. గుండ్రటి మూలలో ఒత్తిడి ఒకచోట పోగుపడదు, సూటి మూలలో పోగుపడుతుంది. రెండో ఏడాది ఒక పగులు వచ్చింది, అది ఎడమ కంటి మూలలోనే వచ్చింది.

అతుకులకు మొదట క్షణాల్లో పట్టే జిగురు వాడి నష్టపోయాను. అది గట్టిగానే పట్టుకుంటుంది గానీ పెళుసుగా ఉంటుంది. శిరస్త్రాణం తీసే ప్రతిసారీ కాస్త వంగే గడ్డం దగ్గర మొదటి వేసవికే విడిపోయింది. పైగా దాని ఆవిరి ఆకుపచ్చ పలక మీద తెల్లటి పొరగా పేరుకుని, పలకనే మార్చవలసి వచ్చింది. తరువాత, కత్తిరింపులో మిగిలిన ఏబీఎస్ తునకలను చిన్నగా తరిగి, గాజు సీసాలో అసిటోన్ అనే ద్రావకం పోసి రాత్రంతా నానబెట్టాను. తెల్లారేసరికి తయారైన చిక్కటి ముద్ద రెండు ప్లాస్టిక్ ముఖాలను కొంత కరిగించి ఒకటిగా కలుపుతుంది. దాన్ని అతుకుల వెనుక, పలచటి చోట్ల లోపలివైపు, రెండు వేళ్ల వెడల్పు పట్టీలతో కలిపి పలుచగా, ఒక పూత ఆరాక మరొకటిగా వేశాను. ఒకేసారి మందంగా పూస్తే పలచటి ప్లాస్టిక్ మెత్తబడి ఆకారం చెడుతుంది. అసిటోన్ చాలా త్వరగా అంటుకుంటుంది కాబట్టి ఈ పనిని వంటింటికి దూరంగా, డాబా మీదే చేయాలి. ఆ అతుకుల్లో ఒక్కటీ ఇప్పటివరకు విడిపోలేదు.

ఇక లోపలి విషయం. కిట్‌లో లోపలి మెత్తల కోసం ఇచ్చింది నాలుగు స్పాంజి ముక్కలు మాత్రమే. మొదటిసారి హైటెక్స్‌కు వెళ్లినప్పుడు అరగంట గడవకుండానే మావాడు "మామయ్యా, లోపల ఊపిరాడట్లేదు, ఏమీ కనిపించట్లేదు" అని తీసి నా చేతికిచ్చాడు. స్పాంజి చెమటకు తడిసి నుదుటికి అంటుకుపోయింది, ఊపిరి తేమ పలక మీద కమ్ముకుంది. ఆ తరువాత సాలార్ జంగ్ మ్యూజియంలోని ఆయుధాల విభాగంలో పాత ఉక్కు శిరస్త్రాణాల ముందు మునుపటికంటే ఎక్కువసేపు నిలబడ్డాను. ఉక్కును నేరుగా తలకు పెట్టుకునేవారు కారు, కింద దళసరి గుడ్డ టోపీ ఉండేది. తలకూ బయటి చిప్పకూ మధ్య ఉండే ఎడమే ధరించేవాడి సుఖాన్ని నిర్ణయిస్తుందని నాకు అక్కడ స్పష్టంగా తోచింది.

రాణీగంజ్‌కు వెళ్లి, కట్టడాల దగ్గర పనివారు పెట్టుకునే హెల్మెట్ ఒకటి కొని, దాని లోపలి పట్టీల చట్రాన్ని విప్పి ఇందులో వెల్క్రోతో అమర్చాను. వెనుక ఉన్న బిగింపుతో ఎవరి తలకైనా సరిపోతుంది, చుట్టూ రెండు వేళ్ల ఖాళీలో గాలి ఆడుతుంది. కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరికిన 40 మిల్లీమీటర్ల, ఐదు వోల్టుల చిన్న ఫ్యాన్‌ను గడ్డం దగ్గరి జాలీ వెనుక బిగించి, పవర్ బ్యాంకుకు కలిపాను. బయటి గాలి కళ్ల పలక వైపు వీచేలా పెట్టినప్పటి నుంచి పలక మసకబారడం దాదాపు ఆగిపోయింది. రెండోసారి మావాడు మధ్యమధ్య నీళ్లు తాగుతూ మూడు గంటలు ధరించాడు. ఫ్యాన్ హోరుకు ఎదుటివారి మాట సరిగా వినపడదు. ఆ ఇబ్బందికి నా దగ్గర మార్గం లేదు.

రంగు వేయనక్కరలేదని అమ్మకందారు చెప్పాడు. పడమటి కిటికీ పక్కన రెండేళ్లు అల్మరా మీద ఉంచితే, ఎండ తగిలిన వైపు పాత పత్రికల కాగితంలా పసుపెక్కింది. ఏబీఎస్‌లోని బ్యూటడీన్ అనే రబ్బరు లాంటి భాగం సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేకపోవడమే దీనికి ప్రధాన కారణం. అందువల్ల చివరికి లప్పం పెట్టి, 220 తరువాత 400, 600 నంబర్ల శాండ్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ మీద తెల్ల రంగు స్ప్రే చేశాను. ఈ పనికి మన ఊళ్లో కాలాన్ని ఎంచుకోవాలి. ఆగస్టు ముసురులో వేసిన మొదటి పూత గాలిలోని తేమకు పాలపొరలా తెల్లబారి మెరుపు పోయింది. మే ఎండలో వేస్తే రంగు ఉపరితలానికి చేరకముందే ఆరి గరుకుగా దిగుతుంది. నవంబరులో ఎండ కాస్త ఎక్కాక వేసిన పూతే నిలిచింది.

వేడికి ఏబీఎస్ గురించి భయం అక్కరలేదు, అది మెత్తబడేది దాదాపు 105 డిగ్రీల దగ్గర. పీఎల్‌ఏ అనే మరో రకం ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసినవి 60 డిగ్రీల చేరువలోనే మెత్తబడతాయి కాబట్టి, వేసవిలో మూసి ఉన్న కారులో వాటిని వదిలిపెట్టకూడదు. మాదాన్ని అలా వదిలితే చిప్ప చెక్కుచెదరలేదు, వెల్క్రో జిగురు మాత్రం జారిపోయింది. చట్రాన్ని ఇప్పుడు స్క్రూలతోనే బిగించాను.

మావాడి తమ్ముడు దీన్ని పెట్టుకుని స్కూటర్ ఎక్కబోతే గట్టిగా వారించాను. దీనికి ఐఎస్ఐ గుర్తు లేదు, దెబ్బను ఆపే పొర లేదు. రోడ్డు మీద ఇది తలను కాపాడదు.

అచ్చు స్పష్టత, ప్లాస్టిక్ నాణ్యత బాగున్నందున ఓపికా, రెండు వేల రూపాయల అదనపు ఖర్చూ భరించగలవారికి ఈ కిట్ కొనమనే చెబుతాను. పది రోజుల్లో వేషం కట్టాల్సినవారికి చెప్పను. విడిభాగాలు అమ్మకందారు విడిగా ఇవ్వడు. గత నెల అంచు రబ్బరు పట్టీ గట్టిపడి చిట్లితే, రాణీగంజ్‌లో మీటరు లెక్కన అమ్మే కారు తలుపు బీడింగ్ తెచ్చి వేశాను. అది పాతదానికంటే మెత్తగా, మెడకు ఒరుసుకోకుండా ఉంది.