కుక్కలతో శీతాకాలపు క్యాంపర్ యాత్ర: పార్కు పేరు కన్నా ముందు ఎత్తు చూడండి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అమెరికా నైరుతి నేషనల్ పార్కుల్లో క్యాంపర్‌లో (లోపలే పడుకునే బండిలో) కుక్కలతో తిరగాలంటే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. రాత్రి బండి ఆపే చోటు ఎంత ఎత్తులో ఉంది? పగలు కుక్క ఎంత దూరం నడవచ్చు? చాలా పార్కుల్లో కుక్కకు అనుమతి రోడ్లు, క్యాంప్‌గ్రౌండ్లు, పిక్నిక్ స్థలాల వరకే. తాడు 6 అడుగులు దాటకూడదు. చెట్టుకో బల్లకో కట్టేసి వెళ్లిపోవడం నిషేధం.

కుక్క సంతోషమే ముఖ్యమైతే మొదటి ఓటు పెట్రిఫైడ్ ఫారెస్ట్‌కే. రాయిగా మారిన దుంగల మధ్య కాలిబాటల్లోనూ, వైల్డర్‌నెస్‌లోనూ (రోడ్లు లేని సహజ ప్రాంతంలోనూ) కుక్కను నడిపించవచ్చు. అయితే పార్కులో క్యాంప్‌గ్రౌండ్ లేదు, రాత్రికి హోల్‌బ్రూక్ వైపు పోవాలి. వైట్ శాండ్స్ కూడా అంతే. తెల్లని ఇసుక దిబ్బల మీద తాడుతో తిప్పవచ్చు కానీ, బసకు అలమగోర్డో దగ్గరి ఆలివర్ లీ స్టేట్ పార్కు చూసుకోవాలి.

హాయిగా నిద్ర పట్టేది డెత్ వ్యాలీలో. ఫర్నేస్ క్రీక్ సముద్రమట్టానికి కిందే ఉంది కాబట్టి జనవరిలోనూ నీళ్లు గడ్డకట్టడం అరుదు. కాలిబాటల్లోకి కుక్కను రానివ్వరు గానీ, బండ్లు పెద్దగా తిరగని మట్టి రోడ్లు నడకకు బాగుంటాయి. జాషువా ట్రీలో కుక్క రోడ్డు నుంచి 100 అడుగులు దాటకూడదు. అక్కడ బ్లాక్ రాక్, కాటన్‌వుడ్ తప్ప చాలా క్యాంప్‌గ్రౌండ్లలో నీళ్లుండవు, ట్యాంకు నింపుకునే వెళ్లాలి. జయాన్‌లో కుక్కకు ఉన్నది పారూస్ బాట ఒక్కటే.

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో (దక్షిణపు అంచున) లోయ అంచు వెంట సాగే రిమ్ ట్రెయిల్ మీద కుక్కను తిప్పవచ్చు. లోయలోకి దింపకూడదు, షటిల్ బస్సెక్కించకూడదు. చిక్కంతా రాత్రిదే. దాదాపు 7,000 అడుగుల ఎత్తు, మంచు మామూలే. మేథర్ క్యాంప్‌గ్రౌండ్ ఏడాదంతా తెరిచి ఉంటుంది కానీ కరెంటు హుక్‌అప్ (బండికి కరెంటు తగిలించుకునే వీలు) లేదు. హీటర్ ప్రొపేన్‌తో మండినా దాని ఫ్యాను తిరిగేది బ్యాటరీ మీదే. ట్యాంకులో గ్యాస్ ఉండగానే తెల్లవారుజామున వేడి ఆగిపోవడానికి కారణం బ్యాటరీ అయిపోవడమే. చలికాలంలో పక్కనున్న ట్రెయిలర్ విలేజ్‌లో పూర్తి హుక్‌అప్‌కు (కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లకు) డబ్బు పెట్టడమే మంచిది. లిథియం బ్యాటరీ 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చల్లబడితే ఛార్జి చేయకండి. లోపల లిథియం పూతలా పేరుకుని సెల్ శాశ్వతంగా పాడవుతుంది.

ఎత్తైన చోట సాయంత్రమే నీళ్ల ట్యాంకు నింపి గొట్టం విప్పేయాలి. రాత్రంతా కుళాయికి తగిలించి ఉంచితే ముందు గడ్డకట్టేది ఆ గొట్టమే. పైపుల్లో పోసేది ప్రొపిలీన్ గ్లైకాల్ ఉన్న ఆర్‌వీ (క్యాంపర్ లాంటి బండ్ల) యాంటీఫ్రీజ్, అంటే గడ్డకట్టకుండా ఆపే ద్రవం, మాత్రమే అయి ఉండాలి. ఇంజన్‌కు వాడే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కొద్దిగా నాకినా కుక్క కిడ్నీలు దెబ్బతింటాయి. మనుషులూ కుక్కలూ కలిసి ఊపిరి వదిలే గదిలో గోడలు చెమర్చుతాయి. ఎంత చలైనా పైకప్పు వెంట్ (గాలి పోయే సందు) ఒక వేలెడు తెరిచి ఉంచండి. హీటర్ పొగగొట్టం ముందు మంచు పేరుకుంటే తోసేయండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పని చేస్తోందో లేదో నొక్కి చూడండి.

ఎడారిలో చలి కన్నా ఎక్కువ బాధపెట్టేది చోయా అనే కాక్టస్ ముల్లు. ఒక ముళ్ల ఉండ కుక్క పంజాకు అంటుకోగానే అది నోటితో లాగబోతుంది, దాంతో నాలుకకూ గుచ్చుకుంటుంది. వెంటనే మూతి పట్టుకోండి. ఉండను చేత్తో తాకకుండా, చర్మానికీ దానికీ మధ్య వెడల్పు పళ్ల దువ్వెన దూర్చి, మీకు దూరంగా ఒక్క విసురుతో ఎగరేయండి. మిగిలిన ముళ్లను పట్టకారుతో ఒక్కొక్కటీ తిన్నగా లాగాలి. ఆ దువ్వెన క్యాంపర్‌లో కాదు, నడిచేటప్పుడు మీ జేబులో ఉండాలి.