గళ్ల పుస్తకమా, మిల్లీమీటరు గ్రాఫా? తొలి పిక్సెల్ బొమ్మకు ఏది మేలు?

గ్రాఫ్ కాగితం మీద తొలిసారి పిక్సెల్ బొమ్మ (ఒక్కో గడిని ఒక్కో రంగుతో నింపి వేసే బొమ్మ) వేసేవాళ్లు రంగుల గురించే ఎక్కువ ఆలోచిస్తారు. నిజానికి బొమ్మ కుదిరేదీ చెడేదీ చాలావరకు గడి కొలత దగ్గరే తేలిపోతుంది. పోలిక తేలిగ్గా అర్థం కావడానికి ఒకే దృశ్యం తీసుకుందాం: పాపికొండల్లాంటి చోటు. అటూ ఇటూ కొండలు, నడుమ గోదావరి, కొండల సందులో సగం దిగిన సూర్యుడు. అడ్డం 32 గళ్లు, నిలువు 24 గళ్లు, మొత్తం 768.

సెంటీమీటరు గళ్లున్న లెక్కల పుస్తకంలో ఈ బొమ్మ పట్టదు. 32 సెంటీమీటర్ల వెడల్పు కావాలి, ఏ4 కాగితం వెడల్పు 21 మాత్రమే. బొమ్మను 18×12 గళ్లకు కుదిస్తే కొండ వాలు చూపించడానికి చోటు మిగలదు. గుడిసె, పువ్వు, చేప లాంటి చిన్న బొమ్మలకైతే ఈ పుస్తకం బాగుంటుంది. ఆరేడేళ్ల పిల్లలకు ఇదే ఇవ్వండి.

రెండు మిల్లీమీటర్ల గడి తీసుకుంటే కథ తిరగబడుతుంది. అదే బొమ్మ 6.4 సెంటీమీటర్ల వెడల్పుకు కుంచించుకుపోతుంది, కాస్త అరిగిన పెన్సిల్ మొన గీత దాటి పక్క గడిలోకి పోతుంది. చిన్నగా ఉందని బొమ్మను 16×12 సెంటీమీటర్లకు పెంచితే 4,800 గళ్లు నింపాలి. కొత్తవాళ్లు సగంలో వదిలేసేది ఇక్కడే.

అందుకే మా ఓటు 5 మిల్లీమీటర్ల గడికి. బొమ్మ 16×12 సెంటీమీటర్లలో సరిపోతుంది. గడికి నాలుగు సెకన్లు వేసుకున్నా దాదాపు 50 నిమిషాల పని. ఆ గడి కోసం వేరే కాగితం వెతకనక్కర్లేదు. పదో తరగతి లెక్కలకు వాడే మిల్లీమీటరు గ్రాఫ్ షీటులోనే 5×5 చిన్న గళ్లను ఒక గడిగా తీసుకోండి. ప్రతి రెండు గళ్లకు ఒక మందపాటి సెంటీమీటరు గీత వస్తుంది కాబట్టి లెక్క తప్పే అవకాశం తక్కువ. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒక గడి పక్కకు జరగడమే. అది జరిగాక మిగతా వరుసలన్నీ దాని వెంటే జరుగుతాయి. పోచంపల్లి ఇక్కత్‌లోనూ డిజైను ముందు గ్రాఫ్ కాగితం మీదే గళ్లుగా గీస్తారు, అక్కడా లెక్కే ప్రాణం. అంచున ప్రతి ఐదో గడికి 5, 10, 15 అని అంకె వేసుకోండి. గ్రాఫ్ షీటుతో చిక్కల్లా ఒక్కటే: లేత పసుపు కింద నుంచి మిల్లీమీటరు గీతలు కనిపిస్తాయి. అది నచ్చకపోతే 5 మిల్లీమీటర్ల గళ్ల కాగితమే మంచిది.

రంగుల్లో మొదటి బొమ్మకు కలర్ పెన్సిళ్లే. స్కెచ్ పెన్ను రంగు నిండుగా వస్తుంది నిజమే, కానీ పలచటి కాగితం మీద ఇంకు పక్క గడిలోకి పాకుతుంది, వెనక్కి దిగుతుంది. ఒకసారి పూసినచోటే మళ్లీ పూస్తే ముదురు చారలు పడతాయి. క్రేయాన్ మొన ఈ గడికి మరీ లావు. పెన్సిల్‌తో మరో లాభం ఉంది: ఒకే ఆకుపచ్చను మెల్లగా రుద్దితే దూరపు కొండ, నొక్కి రుద్దితే దగ్గరి కొండ. దూరపు కొండకు ముందు పలచగా నీలం పూసి, దాని మీద ఆకుపచ్చ రుద్దండి. కొండ వెంటనే వెనక్కి జరిగినట్టు కనిపిస్తుంది. పన్నెండు పెన్సిళ్ల పెట్టె చాలు, బొమ్మకు ఎనిమిది రంగులు దాటకండి.

మామూలు పెన్సిల్‌తో రూపురేఖ గీసి దాని మీద పసుపు పూయకండి. నల్లపొడి కలిసి పసుపు మురికిపచ్చగా మారుతుంది. ఆ తర్వాత రబ్బరుతో పోదు. ఏ గడికి ఏ రంగో ఆ రంగు పెన్సిల్‌తోనే చిన్న చుక్క పెట్టి, లేత రంగుల నుంచి ముదురు రంగులకు రండి. అరచేతి కింద ఒక తెల్ల కాగితం ఉంచుకోండి.

ఇక కొండ అంచు. ఎడమ కొండను ఎడమ అంచు నుంచి కుడికి మెట్లుగా ఇలా దింపండి, ప్రతి మెట్టు కింద ఉన్నదంతా కొండే: పైనుంచి 5వ వరుసలో 3 గళ్ల మెట్టు, దాని పక్కన 6లో 2, 7లో 2, 8లో 1, 9లో 1. ఇక్కడి నుంచి నిట్టనిలువుగా: తర్వాతి నిలువు వరుసలో కొండ పైనుంచి 11వ గడి దగ్గర, ఆ పక్కదానిలో 13వ గడి దగ్గర మొదలవ్వాలి. మెట్టు పొడవు 3, 2, 2, 1, 1 అని క్రమంగా తగ్గితే కంటికి వంపులా కనిపిస్తుంది. 1, 3, 1, 3 అని వేస్తే రంపం పళ్లే. కుడి కొండను అద్దంలో చూసినట్టు అలాగే దింపకండి, రెండు మూడు వరుసలు కిందికి మొదలుపెట్టండి.

నీటి గట్టు 14, 15 వరుసల మధ్య. సూర్యుడికి 12వ వరుసలో 4 గళ్లు (ఎడమ అంచు నుంచి లెక్కిస్తే 15వ గడి నుంచి 18 వరకు), 13, 14 వరుసల్లో ఆరేసి (14 నుంచి 19). నీటిలో ప్రతిబింబం 15వ వరుసలో 6, 16లో 4. 17వ వరుస పూర్తిగా నీలమే. 18లో మళ్లీ 4, కానీ ఒక గడి కుడికి జరపాలి. 20లో 2. ఆ ఒక్క గడి జరగడంతోనే నీళ్లు కదులుతున్నట్టు అనిపిస్తాయి. ఆకాశంలో నారింజ రంగు పసుపుకు మారేచోట ఒక వరుసను గడి విడిచి గడిగా రెండు రంగులతో నింపితే గీత కొట్టినట్టు ఉండదు.

కాగితం సొంతంగా ప్రింటు తీసుకునేవాళ్లకు ఒక్క మాట. ఎక్సెల్‌లో మామూలుగా వచ్చే గడి చతురస్రం కాదు, అడ్డం ఎక్కువ, నిలువు తక్కువ. పిక్సెల్ బొమ్మకు వెడల్పూ ఎత్తూ సమానంగా సరిచేశాకే వాడాలి. ప్రింటు వచ్చాక పది గళ్లను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి స్కేలుతో కొలవండి. రెండూ 5 సెంటీమీటర్లే రావాలి, లేకపోతే సూర్యుడు కోడిగుడ్డులా వస్తాడు.