ఫెన్‌వేలో యాంకీస్ చేజార్చుకున్న రాత్రి: మా బోస్టన్ ప్రయాణం, బస, సీట్లు

న్యూజెర్సీ నుంచి మనవాళ్ళు బోస్టన్ వెళ్తే హార్వర్డ్ ముందు ఫొటోలు దిగుతారు, పిల్లలకి నాలుగు మంచి మాటలు చెబుతారు, ఆష్‌లాండ్‌లో లక్ష్మీదేవి గుడికెళ్ళి దండం పెట్టుకుని వచ్చేస్తారు. వేసవిలో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఫెన్‌వే పార్క్ అనే మైదానంలో బోస్టన్ రెడ్ సాక్స్, న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ మ్యాచ్ ఎప్పుడుందో ముందు చూసుకుని, ఆ తర్వాతే మిగతా ప్రయాణం వేసుకోండి. గుడీ, హార్వర్డూ ఎక్కడికీ పోవు. గెలవాల్సిన మ్యాచ్‌ని యాంకీస్ చివర్లో చేతులారా పోగొట్టుకుంటుంటే ముప్ఫై వేలమందికి పైగా జనంతో కలిసి కేకలేసే అదృష్టం మాత్రం ఎప్పుడోగానీ పట్టదు. మాకది 2021 జులై 22, గురువారం రాత్రి పట్టింది.

అమెరికా వచ్చాక నా మొదటి ఉద్యోగం మసాచుసెట్స్‌లో. అప్పట్నుంచీ నేను రెడ్ సాక్స్ మనిషిని. మావాడు పుట్టి పెరిగింది ఎడిసన్‌లో, వాడి స్నేహితులంతా యాంకీస్, కాబట్టి వాడూ యాంకీసే. ఆరన్ జడ్జ్ 99 నంబరు చొక్కా వేసుకునే వచ్చాడు. వాళ్ళ జట్టులో అప్పుడే కోవిడ్ కేసులు వచ్చి జడ్జ్ ఆ వారం ఆడటం లేదు. అయినా సరే చొక్కా మార్చనన్నాడు. మా ఆవిడది ఏ పక్షమూ కాదు, తమ్ముణ్ణి చూడొచ్చని బయల్దేరింది. మా బావమరిది ఉండేది ష్రూస్‌బరీలో.

కారులో వెళ్ళాలా, రైల్లోనా అని ఇంట్లో చాలా చర్చ జరిగింది. రైలే మేలని ఇప్పటికీ అంటాను. ఎడిసన్ పక్కనే మెట్రోపార్క్ స్టేషన్ ఉంది. అక్కడ ఆమ్‌ట్రాక్ వాళ్ళ నార్త్‌ఈస్ట్ రీజినల్ ఎక్కితే మధ్యలో మారే పని లేకుండా బోస్టన్ బ్యాక్ బేలో దిగొచ్చు. ఐదు గంటల పైనే పడుతుంది. కారు అంతకన్నా ముందే చేరుస్తుందని ఫోను చూపిస్తుంది గానీ, జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి దగ్గర ఒకసారి, కనెక్టికట్‌లో ఐ-95 మీద ఇంకోసారి ఆ లెక్క తప్పుతుంది. రైల్లో వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. న్యూ హేవన్ దాటాక చాలాసేపు సముద్రం పక్కపక్కనే వస్తుంది. అప్పట్లో రైల్లో దారిపొడవునా మాస్కు పెట్టుకోవాల్సిందే, అదొక్కటే కష్టం.

బ్యాక్ బేలో దిగాక నాలుగడుగులు వేస్తే కాప్లీ స్టేషన్. అక్కడ గ్రీన్ లైన్‌లో బి, సి, డి ఏది ఎక్కినా రెండో స్టాపు కెన్‌మోర్, ఫెన్‌వేకి అక్కడే దిగాలి. ఇ రైలు మాత్రం ఎక్కొద్దు, అది కాప్లీ దాటగానే వేరే దారి పడుతుంది. కారు తప్పదనుకుంటే న్యూటన్‌లో రివర్‌సైడ్ స్టేషన్ దగ్గర పెట్టేసి డి రైలు ఎక్కండి. మైదానం చుట్టుపక్కల మ్యాచ్ రోజు పార్కింగ్‌కి యాభై డాలర్లు అడిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇచ్చినా, మ్యాచ్ అయ్యాక కారు బయటికి తీయడానికే ముప్పావుగంట పడుతుంది.

బస విషయంలో మేం బాగా వెతికాం. కెన్‌మోర్ చుట్టూ ఉన్న హోటళ్ళు యాంకీస్ వచ్చే వారం రేట్లు ఆకాశానికి ఎత్తేస్తాయి. డౌన్‌టౌన్‌లో ఒక పెద్ద హోటల్ రేటు నచ్చి గది తీసుకోబోతే, చివరి పేజీలో రోజుకింత అని 'సదుపాయాల రుసుము' తగిలించారు. ఫోన్ చేసి ఆ సదుపాయాలేమిటని అడిగితే వైఫై, జిమ్ అన్నారు. అవసరం లేదంటే కుదరదన్నారు. వదిలేశాం. చివరికి బ్రూక్‌లైన్‌లో, బీకన్ స్ట్రీట్ మీద ఒక పాత ఇటుక ఇంటి గెస్ట్‌హౌస్‌లో దిగాం. లిఫ్టు లేదు, మూడో అంతస్తు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే మాత్రం ఇలాంటివి వద్దు. గది చిన్నది, కిటికీ ఏసీ రాత్రంతా మోగుతూనే ఉంది. కానీ మంచం దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, సి రైలు గుమ్మం ముందే ఆగుతుంది, వంటగదిలో ఫ్రిజ్ వాడుకోనిచ్చారు. మా పెరుగు డబ్బా, ఆవకాయ సీసా అందులో పెట్టుకున్నాం. ఆదివారం గది ఖాళీ చేశాక రైలు టైము దాకా పెట్టెలు ఉంచుకోమన్నారు, దానికి పైసా తీసుకోలేదు. డబ్బు పెట్టేదేదో గదికి కాకుండా మైదానంలో సీటుకి పెట్టండి. రాత్రి పడుకోవడానికి తప్ప గదిలో ఎవరుంటారు?

సీట్ల సంగతి వివరంగా చెప్పాలి. ఫెన్‌వే 1912లో కట్టిన మైదానం, అమెరికా బేస్‌బాల్‌లో పైస్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఇప్పుడున్నవాటిల్లో అన్నిటికన్నా పాతది. గ్రాండ్‌స్టాండ్ అనే కప్పు కింద భాగంలో నీలం రంగు చెక్క కుర్చీలు ఇప్పటికీ ఉన్నాయి. అవి ఇరుకు, మోకాళ్ళు ముందు కుర్చీకి ఆనతాయి. కప్పుని మోసే ఇనుప స్తంభాలు కొన్ని సీట్లకి సరిగ్గా పిచ్చర్‌కీ (బంతి వేసేవాడికి) బ్యాటర్‌కీ మధ్య అడ్డం వస్తాయి. టికెట్ కొనేటప్పుడు 'అడ్డు ఉంది' అని రాసి ఉందా లేదా అని చూసే కొనండి. కుడివైపు చివరి గ్రాండ్‌స్టాండ్ సెక్షన్లలో కుర్చీలు మైదానం మధ్యలోకి తిరిగి ఉంటాయి, మ్యాచంతా మెడ ఎడమకి తిప్పి చూడాలి. మేం మూడో బేస్ (పరుగు కోసం చుట్టిరావాల్సిన నాలుగు మజిలీల్లో మూడోది) వైపు గ్రాండ్‌స్టాండ్‌లో స్తంభం లేని వరస చూసుకుని తీసుకున్నాం. ఎడమవైపు 37 అడుగుల ఎత్తున్న పచ్చగోడ, గ్రీన్ మాన్‌స్టర్, అక్కణ్ణుంచి కళ్ళకెదురుగా ఉంటుంది. ఈ సీట్లకి పెట్టిన ప్రతి డాలరూ సార్థకమే.

లోపల ఎక్కడా నోట్లు తీసుకోరు, కార్డు ఉండాల్సిందే. టికెట్లు ఫోన్లోనే, కాబట్టి గేటు దాకా ఛార్జింగ్ మిగుల్చుకోండి. పెద్ద బ్యాగులు రానివ్వరు. శాకాహారులకి తిండి అంతంతమాత్రం. అక్కడి పేరున్న ఫెన్‌వే ఫ్రాంక్ మాంసం సాసేజి. మనకి మిగిలేవి పిజ్జా, ఫ్రెంచ్ ఫ్రైస్, ఉప్పు చల్లిన ప్రెట్జెల్, పొట్టుతో వేయించిన వేరుశనక్కాయలు. పిజ్జా చల్లారిపోయి వచ్చింది, బాగాలేదు. వేరుశనక్కాయలు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. ఇంటిదగ్గర పులిహోర తిని బయల్దేరడం మంచిదయింది. సీటు చూపించే పెద్దాయనకి డెబ్భై ఏళ్ళుంటాయి, ప్రతి కుర్చీనీ గుడ్డతో తుడిచి కూర్చోబెట్టాడు. మావాడి చొక్కా చూసి "ఈ ఒక్క కుర్చీ తుడవనా, వద్దా" అని నవ్వి, వాడిది ఇంకా శ్రద్ధగా తుడిచాడు.

మా ముందు వరసలో ఒక ముసలావిడ ఒళ్ళో స్కోరు పుస్తకం, చేతిలో పెన్సిలు పెట్టుకుని కూర్చుంది. ప్రతి బ్యాటర్‌కీ ఒక చిన్న గడి, అందులో గీతలు, అంకెలు. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదాంట్లో రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తాయి. ఎనిమిదో ఇన్నింగ్ అయ్యేసరికి యాంకీస్ 3-1తో ముందున్నారు. జనం లేస్తున్నారు. మా బావమరిదికీ లేవాల్సిన పనుంది. ఫెన్‌వే పక్కనే ఉన్న లాన్స్‌డౌన్ స్టేషన్లో వూస్టర్ వైపు వెళ్ళే రైలు ఆగుతుంది. ష్రూస్‌బరీ, వెస్ట్‌బరో, ఫ్రేమింగ్‌హామ్ మనవాళ్ళకి అంతకన్నా సుఖమైన దారి లేదు గానీ, రాత్రి చివరి రైలు తప్పితే ఇక టాక్సీయే గతి. "ఉండనా, వెళ్ళనా బావా?" అంటున్నాడు. ఆ మాట విని ముసలావిడ వెనక్కి తిరిగింది. 2004లో యాంకీస్‌తో నాలుగో మ్యాచ్ రోజు తను ఎనిమిదో ఇన్నింగ్‌లోనే లేచి వెళ్ళిపోయిందట.

ఆ 2004 ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. బేబ్ రూత్ అనే గొప్ప ఆటగాణ్ణి యాంకీస్‌కి అమ్మేశాక రెడ్ సాక్స్‌కి వరల్డ్ సిరీస్, అంటే ఏడాది చివరి ఫైనల్, అందలేదు. 1918లో గెలిచింది, మళ్ళీ గెలిచింది 2004లో, 86 ఏళ్ళకి. ఆ ఏడాది అంతకుముందు దశలో యాంకీస్ మీద మూడు మ్యాచ్‌లు వరసగా ఓడిపోయారు. నాలుగో దాంట్లో తొమ్మిదో ఇన్నింగ్‌కి ఓటమి అంచుల్లో ఉండగా రెడ్ సాక్స్ ఆటగాడు డేవ్ రాబర్ట్స్ రెండో బేస్ దొంగిలించాడు, అంటే బంతిని ఎవరూ కొట్టకుండానే పరిగెత్తి చేరాడు, అక్కణ్ణుంచి కథ తిరిగింది. 0-3 నుంచి వరసగా నాలుగు గెలిచి సిరీస్ లాగేసుకోవడం బేస్‌బాల్‌లో అదే మొదటిసారి. అందుకే బోస్టన్‌లో యాంకీస్ తడబాటు చూసి సంబరపడేవాళ్ళని తప్పుపట్టలేను. తాతల కాలం నుంచీ మోసిన బాధ అది.

బావమరిది ఉండిపోయాడు. తొమ్మిదో ఇన్నింగ్, ఇద్దరు అవుట్. ఇంకొక్కడు అవుటయితే అయిపోతుంది. అప్పుడు రెడ్ సాక్స్ కీకే హెర్నాండెజ్ కొట్టిన డబుల్‌కి (కొట్టినవాడు రెండో బేస్ దాకా చేరే దెబ్బ) ఇద్దరు పరిగెత్తుకొచ్చేశారు, 3-3. మా పాత చెక్క కుర్చీలన్నీ ఒక్కసారి టపటపా మూతపడ్డాయి, జనమంతా లేచి నిలబడ్డారు. పదో ఇన్నింగ్‌లో యాంకీస్ ఒక పరుగు చేసి మళ్ళీ 4-3. మావాడు చప్పట్లు కొట్టాడు, ఆ సెక్షన్‌లో వాడొక్కడే.

అసలు వినోదం ఆ తర్వాతే. 2020లో వచ్చిన నిబంధన ప్రకారం అదనపు ఇన్నింగ్ మొదలవడమే రెండో బేస్ మీద ఒక రన్నర్‌తో మొదలవుతుంది. రెడ్ సాక్స్‌కి అక్కడ రఫయెల్ డెవర్స్ ఉన్నాడు. యాంకీస్ బ్రూక్స్ క్రిస్కీకి బంతి ఇచ్చారు, మేజర్ లీగ్‌లో అప్పటికింకా పెద్దగా ఆడని పిచ్చర్. బంతి క్యాచర్‌కి చిక్కకుండా వెనక్కి పోయింది. డెవర్స్ మూడో బేస్‌కి నడిచినంత తీరిగ్గా చేరాడు. మన క్రికెట్‌లో కీపర్‌కి అందని బంతికి బైలు తీసినట్టే, దీన్ని వైల్డ్ పిచ్ అంటారు. ఇంకోటి. డెవర్స్ ఇంటికి, అంటే చివరి బేస్‌కి వచ్చేశాడు, 4-4. జాండర్ బొగార్ట్స్‌కి నాలుగు బంతులు బయటేసి ఊరికే మొదటి బేస్ ఇచ్చారు. మళ్ళీ వైల్డ్ పిచ్, బొగార్ట్స్ రెండో బేస్‌కి. అప్పటికి జనం కేకలు వేయడం మానేసి పడీ పడీ నవ్వుతున్నారు. పిచ్చర్ చెయ్యి ఎత్తితే చాలు, వేలమంది "ఓ...హో!" అని రాగం తీస్తున్నారు. నాలుగోది కూడా వెనక్కే పోయింది, బొగార్ట్స్ మూడో బేస్‌కి. నా వెనక ఉన్న లావుపాటాయన బీరు గ్లాసు కిందపెట్టి, రెండు చేతులూ తలమీద పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు. ముందు వరసలో ముసలావిడ పెన్సిలు ఆగకుండా నడుస్తోంది. గడుల్లో నాలుగోసారి వైల్డ్ పిచ్ గుర్తు పెట్టి, కింద గట్టిగా గీత గీసి, పుస్తకం పైకెత్తి మా అందరికీ చూపించింది. హంటర్ రెన్‌ఫ్రో లేపిన బంతి క్యాచ్ అయ్యాక బొగార్ట్స్ మూడో బేస్ నుంచి పరిగెత్తుకొచ్చాడు, బేస్‌బాల్‌లో అలా రావచ్చు. 5-4. ఒక్క హిట్ (కొట్టి బేస్ చేరే దెబ్బ) లేకుండా రెండు పరుగులు, మ్యాచ్ రెడ్ సాక్స్‌ది.

మావాడు కుర్చీలోంచి లేవలేదు. ఇదే ఇంకో మైదానంలో అయితే కుర్రాణ్ణి ఏడిపించేవాళ్ళేమో. ఇక్కడ లావుపాటాయన వంగి తన దగ్గర మిగిలిన వేరుశనక్కాయల పొట్లం వాడి చేతిలో పెట్టాడు. "చివరిదాకా ఉన్నావు, ఆ చొక్కాలో. మావాళ్ళలో సగం మంది ఎనిమిదో ఇన్నింగ్‌కే వెళ్ళిపోయారు" అన్నాడు. ఎగతాళి లేదు అందులో. బావమరిది ఫోన్లో వెతికి, "ఒరేయ్ అల్లుడూ, ఒకే ఇన్నింగ్‌లో నాలుగు వైల్డ్ పిచ్‌లంటే రికార్డుతో సమానమట. 1914లో వాల్టర్ జాన్సన్ వేశాడు, 1979లో ఫిల్ నీక్రో వేశాడు. ఇద్దరూ మహానుభావులేరా" అన్నాడు. "అయితే ఏంటి మావయ్యా, వాళ్ళు యాంకీస్ కాదుగా" అన్నాడు వాడు. రైలు ఎలాగూ పోయింది. బీకన్ స్ట్రీట్ వెంట నడుచుకుంటూ గెస్ట్‌హౌస్ చేరాం, బావమరిది మా గదిలోనే కింద దుప్పటి పరుచుకున్నాడు. ఆ దారి చెట్ల మధ్య విశాలంగా ఉంటుంది, మ్యాచ్ రాత్రుళ్ళు జనం తిరుగుతూనే ఉంటారు, భయం లేదు.

శుక్రవారం మైదానం టూర్‌కి వెళ్ళాం. గంటసేపు బాగా చూపించారు. పచ్చగోడ మీద 2003లో వేసిన సీట్లలో కూర్చోబెట్టారు. 1946లో రెడ్ సాక్స్ ఆటగాడు టెడ్ విలియమ్స్ కొట్టిన 502 అడుగుల హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) గుర్తుగా, పచ్చ కుర్చీల మధ్య ఉంచిన ఒకే ఒక ఎర్ర కుర్చీని చూపించారు. మ్యాచ్ ఉన్న రోజు టూర్లు కొన్ని గంటల ముందే ఆపేస్తారు, పొద్దున్నే వెళ్ళండి. శనివారం ఆష్‌లాండ్ గుడి, ష్రూస్‌బరీలో భోజనం. అక్కడ టీవీలో ఎనిమిదో ఇన్నింగ్‌లో యాంకీస్ నాలుగు పరుగులు చేసి 4-3తో గెలిచారు. మావాడు సోఫా మీద గెంతాడు. గెంతనిచ్చాం, వాడి వంతు అది.

ఆదివారం తిరుగు రైల్లో బోగీలో సగం ఎర్ర సాక్సుల టోపీలు, సగం యాంకీస్ టోపీలు. ఆ రోజు మ్యాచ్ ఫోన్లో చూస్తున్నాం. యాంకీస్ పిచ్చర్ డొమింగో హెర్మన్ ఏడు ఇన్నింగ్స్ దాకా రెడ్ సాక్స్‌కి ఒక్క హిట్ ఇవ్వలేదు, యాంకీస్ 4-0. మావాడు నాకేసి చూసి నవ్వుతున్నాడు. ఎనిమిదో దాంట్లో అలెక్స్ వెర్డూగో డబుల్ కొట్టాడు. ఆ ఇన్నింగ్ ముగిసేసరికి రెడ్ సాక్స్‌కి ఐదు పరుగులు వచ్చాయి, 5-4. ఒక్కో హిట్‌కీ బోగీలో ఒకవైపు నుంచి కేక, ఇంకోవైపు నుంచి నిట్టూర్పు. కండక్టర్ కూడా మా సీటు దగ్గర ఆగి ఫోన్లోకి తొంగిచూశాడు.

మెట్రోపార్క్‌లో దిగి పెట్టెలు దించుతుంటే మావాడు అన్నాడు: "నాన్నా, ఈసారి బ్రాంక్స్‌లో, యాంకీస్ మైదానంలో చూద్దాం. నువ్వు సాక్స్ టోపీ పెట్టుకునే రావాలి." వస్తానన్నాను.