తెలుగు అనువాదంలో కీబోర్డు షార్ట్‌కట్లు, నాలుగు చిన్న యుటిలిటీలు: దీర్ఘకాల వాడకం తరువాత సమీక్ష

ఆంగ్లం నుంచి తెలుగులోకి పత్రాలు అనువదించడం నా వృత్తి. ఆరోగ్య కరపత్రాలు, ప్రభుత్వ పథకాల మార్గదర్శకాలు, ఒప్పందాలు, శిక్షణ సామగ్రి వంటివాటిని విండోస్ కంప్యూటరులో, ఎక్కువగా వర్డ్‌లో, రోజంతా టైపు చేస్తూ ఉంటాను. డిట్టో, ఎవ్రీథింగ్, ఆటోహాట్‌కీ, పవర్‌టాయ్స్ అనే నాలుగు ఉచిత యుటిలిటీలను, విండోస్‌లోనూ వర్డ్‌లోనూ ముందే ఉన్న కొన్ని షార్ట్‌కట్లను ఈ పనిలో కొన్నేళ్లుగా వాడుతున్నాను. వీటిపై దొరికే సమీక్షలు చాలావరకు ఆంగ్లంలో టైపు చేసేవారి కోసం రాసినవే కాబట్టి, విభక్తులు పదానికి అంటుకొని, పదం చివర మారిపోయే మన భాషలో ఇవి ఎలా పనిచేస్తాయో వాటిలో కనిపించదు. తెలుగుకు తగినట్టు అమర్చుకుంటే వీటివల్ల మనకు కలిగే మేలు ఆంగ్లం టైపు చేసేవారికి కలిగేదానికంటే ఎక్కువేనన్నది నా అభిప్రాయం.

మొదట, కాపీ చేసినది అతికించేవరకు నిలిచి ఉండే క్లిప్‌బోర్డు సంగతి చెప్పాలి, ఎందుకంటే కొత్తగా ఏమీ నేర్చుకోకుండానే ఫలితం కనిపించేది ఇక్కడే. కత్తిరించి అతికించే పద్ధతిని 1970లలో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రమైన పార్క్ (PARC)లో లారీ టెస్లర్, టిమ్ మాట్ రూపొందించారు. ఆ తరువాత చాలాకాలం మామూలు క్లిప్‌బోర్డులో ఒకసారికి ఒక్క అంశమే నిలిచేది, కొత్తది కాపీ చేయగానే పాతది పోయేది. 2018 అక్టోబరు నవీకరణతో విండోస్ 10లో క్లిప్‌బోర్డు చరిత్ర వచ్చింది. విండోస్+వి నొక్కితే ఇటీవల కాపీ చేసినవన్నీ వరుసగా కనిపిస్తాయి. అయితే అందులో 25 అంశాలే నిలుస్తాయి, పిన్ చేసినవి తప్ప మిగిలినవి కంప్యూటరును మళ్లీ ప్రారంభించినప్పుడు చెరిగిపోతాయి. ఇంట్లో వాడుకోవడానికి ఇది చాలు. నాకు మాత్రం నిన్న ఒక పత్రంలో ఒక పథకం పేరును ఎలా రాశానో ఈరోజు మరో పత్రంలో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయవలసిన అవసరం తరచూ పడుతుంది కాబట్టి డిట్టో వైపే మొగ్గాను. కాపీ చేసిన ప్రతిదాన్నీ అది డిస్కులో దాచుకుంటుంది. దాని కిటికీ (విండో) తెరిచి రెండు తెలుగు అక్షరాలు కొడితే వాటిని కలిగిన పాత అంశాలు బయటికొస్తాయి, ఫాంటు, రంగు వంటి అలంకరణలేవీ లేకుండా పాఠాన్ని మాత్రమే అతికించే వీలూ ఉంది. వెబ్ పేజీ నుంచి తెచ్చిన తెలుగు వాక్యం పత్రంలో వేరే ఫాంటులో, వేరే పరిమాణంలో వచ్చి కూర్చునే చిక్కు దీనితో తీరిపోతుంది.

దీని విషయంలో ఒక జాగ్రత్తను గట్టిగా చెప్పదలచుకున్నాను. కాపీ చేసిన ప్రతిదీ దాచుకునే సాధనం పాస్‌వర్డులను, ఆధార్ సంఖ్యలను, ఖాతాదారుల ఆంతరంగిక పత్రాల ముక్కలను కూడా దాచుకుంటుంది. కొన్ని ప్రోగ్రాముల నుంచి కాపీ చేసినవాటిని వదిలేయమని, కొన్ని రోజులు దాటినవాటిని చెరిపేయమని డిట్టోలో ముందే చెప్పి ఉంచవచ్చు. ఆ రెండూ అమర్చుకోకుండా దాన్ని వాడవద్దనే నేను ఎవరికైనా చెబుతాను, ముఖ్యంగా ఒకే కంప్యూటరును ఇద్దరు ముగ్గురు వాడే చోట.

ఎవ్రీథింగ్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ఎందుకంటే అది చేసే పని ఒక్కటే, పేరునుబట్టి ఫైళ్లను వెతకడం, ఆ ఒక్కదాన్నీ నిర్దోషంగా చేస్తుంది. ఫోల్డరు తరువాత ఫోల్డరును గాలించకుండా, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లను అమర్చే పద్ధతి) డిస్కులో ఫైళ్ల పేర్లన్నీ నమోదై ఉండే ప్రధాన పట్టికనే చదివి పెట్టుకుంటుంది కాబట్టి, అక్షరాలు కొడుతూ ఉండగానే జాబితా తగ్గుతూ వస్తుంది. తెలుగులో పేర్లు పెట్టిన ఫైళ్లనూ అంతే వేగంగా చూపిస్తుంది. తెలుగువారికి ఉపయోగపడే కిటుకు ఒకటుంది. 'సాఫ్ట్‌వేర్' వంటి పదాల్లో పొల్లు హల్లు తరువాతి అక్షరంతో కలిసిపోకుండా మధ్యలో కంటికి కనిపించని విభజన అక్షరం ఒకటి పెడతాం. ఫైలు పేరు పెట్టినవారు దాన్ని పెట్టారో లేదో మనకు తెలియదు కనుక పదం మొత్తం కొడితే ఫైలు దొరకకపోవచ్చు. మధ్యలో ఖాళీ వదిలి 'సాఫ్ట్ వేర్' అని కొడితే, ఆ రెండు ముక్కలూ ఉన్న ప్రతి పేరునూ ఎవ్రీథింగ్ చూపిస్తుంది, విభజన అక్షరం ఉన్నా లేకపోయినా.

ఇక ఆటోహాట్‌కీ. దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే నా పని తీరును నిజంగా మార్చినది ఇదే. పొట్టి సంకేతం కొడితే పొడవైన పాఠంగా విస్తరించడం దీని ముఖ్యమైన సదుపాయాల్లో ఒకటి. నోట్‌ప్యాడులో రాసుకునే మామూలు పాఠ ఫైలులో, రెండు కోలన్లు, సంకేతం, మళ్లీ రెండు కోలన్లు, ఆపై పూర్తి పాఠం ఇస్తే చాలు. ఇలాంటి పనే చేసే వర్డ్‌లోని ఆటోకరెక్ట్ ఆఫీసు ప్రోగ్రాములు దాటితే పనిచేయదు. ఇది మాత్రం బ్రౌజరులోనూ, ఈమెయిలులోనూ, అనువాద సాఫ్ట్‌వేర్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది.

ఆంగ్ల ఉదాహరణలను యథాతథంగా తీసుకుంటే తెలుగులో ఇది పెద్దగా ఉపయోగపడదు. సంకేతం తరువాత ఖాళీ కొట్టినప్పుడు విస్తరించడం దాని సహజ పద్ధతి. ఆ ఖాళీ కూడా పాఠంలో మిగిలిపోతుంది. మనకు 'కేంద్ర ప్రభుత్వం' అనే రూపం ఒక్కటే చాలదు. ప్రభుత్వానికి, ప్రభుత్వంలో, ప్రభుత్వాలు, ప్రభుత్వ ఉత్తర్వు అని వాక్యాన్నిబట్టి రూపం మారుతూనే ఉంటుంది. అందువల్ల నేను రెండు మార్పులు చేసుకున్నాను. మొదటిది, కోలన్ల మధ్య నక్షత్రం గుర్తు పెట్టడం. అప్పుడు ఖాళీ కోసం ఎదురుచూడకుండా సంకేతం పూర్తికాగానే పాఠం వస్తుంది. రెండోది, విస్తరించే పాఠాన్ని సున్నాకు ముందే, 'ప్రభుత్వ' దగ్గరే ఆపేయడం. నా ఫైలులో ఆ వరుస ఇలా ఉంటుంది:

:*:,కప::కేంద్ర ప్రభుత్వ

దీని తరువాత సున్నా కొడితే 'ప్రభుత్వం' అవుతుంది, దీర్ఘం గుర్తు కొట్టి 'నికి' చేరిస్తే 'ప్రభుత్వానికి' అవుతుంది, ఏమీ చేర్చకపోతే సమాసంలో ఒదిగే 'ప్రభుత్వ' మిగులుతుంది. పథక, కార్యక్రమ, మార్గదర్శక, లబ్ధిదారు వంటివన్నీ ఇలాగే మూల రూపంలో ఉంచుకున్నాను. సంకేతానికి ముందు కామా పెట్టడానికీ కారణముంది. మామూలు రచనలో కామా తరువాత ఖాళీ వస్తుంది, వెంటనే అక్షరం రాదు. కాబట్టి సంకేతం పొరపాటున ఎక్కడా విస్తరించదు. నక్షత్రం వాడినప్పుడు ఒక సంకేతం మరోదానికి మొదటి భాగం కాకుండా చూసుకోవాలి. ',క' అనేది ఒకటి ఉంటే ',కప' వరకు టైపు ఎప్పటికీ చేరదు. సంకేతాల్లో గుణింతాలు, ఒత్తులు లేకుండా తలకట్టు అక్షరాలే వాడితే కొట్టడం తేలిక, గుర్తుండడమూ తేలిక.

ఈ పద్ధతి నడవాలంటే భారతీయ భాషల కోసం రూపొందిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చి ఉండడం ఎంతో మేలు. 1991లో భారత ప్రమాణాల సంస్థ ప్రమాణంలో చోటుచేసుకున్న ఈ అమరిక, విండోస్‌లో 'తెలుగు' అనే పేరుతోనే ఉంటుంది. ఇందులో ప్రతి గుణింతపు గుర్తుకూ సొంత మీట ఉంది కాబట్టి, ముందే ఉన్న 'ప్రభుత్వ'కు దీర్ఘాన్ని విడిగా చేర్చగలం. ఆంగ్ల అక్షరాలతో తెలుగు కొట్టే ఫోనెటిక్ పద్ధతుల్లో విడిగా దీర్ఘం కొట్టబోతే సాధారణంగా 'ఆ' అనే అచ్చు వస్తుంది. పైగా అక్కడ టైపు చేసిన ఆంగ్ల అక్షరాలకూ తెరపై కనిపించే తెలుగు అక్షరాలకూ మధ్య మరో ప్రోగ్రాము పనిచేస్తూ ఉండడంవల్ల సంకేతాల గుర్తింపు నమ్మదగినట్టు జరగదు. ఫోనెటిక్‌కు అలవాటు పడ్డవారిని మార్చుకోమనడం పెద్ద కోరికేనని తెలుసు, అయినా టైపింగే జీవనాధారమైనవారికి ఈ మార్పు చేసుకోమనే నా సలహా.

ఆటోహాట్‌కీ రెండో వెర్షన్ 2022 డిసెంబరులో వచ్చింది. అందులో ఆదేశాలు రాసే తీరు మొదటి వెర్షన్‌కు భిన్నం కాబట్టి, వెతికితే దొరికే పాత ఉదాహరణల్లో చాలావాటిని సరిచేయకుండా వాడలేం. కొత్తవారు నేరుగా రెండో వెర్షన్‌తో మొదలుపెట్టడమే మంచిది. తెలుగు పాఠం ఉన్న ఫైలును యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే యూనికోడ్ పద్ధతి)లో భద్రపరిస్తే అందులో అక్షరాలు చక్కగా వస్తాయి.

షార్ట్‌కట్లలో అందరికీ తెలిసినవి వదిలి, తెలుగు రాసేవారికి ముఖ్యమైనవి మాత్రం చెబుతాను. బ్యాక్‌స్పేస్, డిలీట్ మీటలు తెలుగులో ఒకేలా పనిచేయవు. 'స్త్రీ' తరువాత బ్యాక్‌స్పేస్ కొడితే గుడిదీర్ఘం మాత్రమే పోతుంది, దాని ముందు నిలిచి డిలీట్ కొడితే అక్షరం మొత్తం పోతుంది. ఈ తేడా చేతికి అలవాటైతే దిద్దుబాటు వేగం బాగా పెరుగుతుంది. వర్డ్‌లో ఒక అక్షరానికి యూనికోడ్‌లో కేటాయించిన సంఖ్య కొట్టి ఆల్ట్+ఎక్స్ నొక్కితే ఆ అక్షరం వస్తుంది, అక్షరం తరువాత నొక్కితే దాని సంఖ్య వస్తుంది. కంటికి ఒకేలా కనిపించే రెండు పదాలను వెతుకులాట వేర్వేరుగా చూస్తున్నప్పుడు తేడా ఎక్కడుందో తేల్చడానికి ఇంతకంటే సులువైన దారి నాకు దొరకలేదు. కంట్రోల్+షిఫ్ట్+స్పేస్‌తో '15 లక్షలు' వంటి చోట్ల అంకె ఒక వరుసలో, మాట తరువాతి వరుసలో పడకుండా ఆపవచ్చు. షిఫ్ట్+ఎఫ్5 అంతకుముందు దిద్దిన చోటికి తీసుకుపోతుంది. విండోస్ మీటతో ఎడమ, కుడి బాణాలు నొక్కి మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన నిలుపుకోవడం నా దినచర్యలో మొదటి పని.

పవర్‌టాయ్స్‌పై నా అభిప్రాయం మిశ్రమం. 2019లో ఓపెన్ సోర్స్ (మూల కోడు అందరికీ అందుబాటులో ఉండే) ప్రాజెక్టుగా తిరిగి మొదలైన ఈ సంకలనంలో ఉపకరణాలు చాలా ఉన్నాయి. నాకు రోజూ పనికొచ్చేవి రెండే. అనేక ఫైళ్ల పేర్లను ఒక్కసారిగా మార్చే పవర్‌రీనేమ్ ఒకటి, పదకోశం కిటికీని మిగిలినవాటిపై నిలిపి ఉంచే విండోస్+కంట్రోల్+టి మరొకటి. మిగిలినవన్నీ ఆపేశాను. మెమరీ తక్కువగా ఉన్న పాత కంప్యూటరులో ఈ రెండింటి కోసం ఇంత పెద్ద సంకలనాన్ని పెట్టుకోమని చెప్పలేను.

కార్యాలయపు కంప్యూటర్లలో కొత్త ప్రోగ్రాములు పెట్టుకునే అనుమతి తరచూ ఉండదు. అక్కడ విండోస్+వి, వర్డ్‌లోని ఆటోకరెక్ట్, పైన చెప్పిన షార్ట్‌కట్లు ఎలాగూ అందుబాటులో ఉంటాయి. సొంత కంప్యూటరు ఉన్నవారు డిట్టో, ఎవ్రీథింగ్ ఈరోజే పెట్టుకోవచ్చు. ఆటోహాట్‌కీ మాత్రం తొందర లేకుండా, నిజంగా పదేపదే కొడుతున్న మాటలు ఏవో ఒక వారం గమనించి, వాటితోనే మొదలుపెట్టాలి. ఇతరులు తయారుచేసిన పెద్ద జాబితాను తెచ్చుకుంటే సంకేతాలు గుర్తుండవు. నా జాబితాను అడిగిన తోటి అనువాదకులకు కూడా అందులోని మూల రూపాలు మాత్రమే ఇచ్చి, సంకేతాలు ఎవరివి వారినే పెట్టుకోమంటున్నాను.