బ్లూ పిల్ బోర్డులోని ఆర్‌టీసీ: గడియారంగా ఎంతవరకు పనికొస్తుంది?

ఎస్‌టీఎం32ఎఫ్103సీ8 చిప్‌తో వచ్చే బ్లూ పిల్ అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు తీసుకున్నవాళ్లు చాలామంది, ఆర్‌టీసీ (రియల్ టైమ్ క్లాక్, అంటే సమయాన్ని లెక్కపెట్టే భాగం) చిప్ లోపలే ఉంది కాబట్టి విడిగా మాడ్యూల్ అక్కర్లేదనుకుంటారు. అది సగమే నిజం. లోపల ఉన్నది సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్. నెలలు, తేదీలు, లీపు సంవత్సరాలు దానికి తెలియవు. కౌంటర్‌గా వాడితే చక్కగా పనిచేస్తుంది. క్యాలెండర్ అనుకుని వాడితే తేదీ దగ్గర దెబ్బతింటారు.

పీసీ14, పీసీ15 పిన్నుల మధ్య 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. 32,768 అంటే 2ను 15 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య. ఆ వేగాన్ని భాగించి తగ్గించే 20 బిట్ల ప్రీస్కేలర్‌లో 32767 రాస్తే అది సున్నా దాకా దిగడానికి సరిగ్గా ఒక సెకను పడుతుంది, అప్పుడు కౌంటర్ ఒకటి పెరుగుతుంది. ఇలా 136 ఏళ్ల పాటు లెక్కపెట్టగలదు. 1970 జనవరి 1 నుంచి మొదలుపెడితే 2106 దాకా సరిపోతుంది. అయితే మీ ప్రోగ్రాములో సమయాన్ని సైన్డ్ 32 బిట్ వేరియబుల్‌లో పెడితే మాత్రం 2038 జనవరి 19నే తిరగబడుతుంది.

ఈ ఆర్‌టీసీలో మెచ్చుకోవాల్సింది బ్యాకప్ విభాగం. మెయిన్ సప్లై పోగానే చిప్ తనంతట తనే వీబ్యాట్ (బ్యాకప్ బ్యాటరీ) పిన్నుకు మారుతుంది. ఆ పిన్నుకు 1.8 నుంచి 3.6 వోల్టులు ఇవ్వొచ్చు కాబట్టి సీఆర్2032 బటన్ సెల్‌ను నేరుగా కలపొచ్చు. 3.3 వోల్టుల దగ్గర క్రిస్టల్, ఆర్‌టీసీ కలిసి తీసుకునేది సుమారు 1.4 మైక్రోఆంపియర్లు. 220 మిల్లీఆంపియర్ అవర్ల సెల్‌ మీద లెక్కకు 17 ఏళ్లు దాటుతుంది. నిజానికి సెల్ వయసైపోయి ముందే ఖాళీ అవుతుంది. క్లాక్‌గా క్రిస్టల్ బదులు చిప్ లోపలి ఎల్‌ఎస్‌ఐ ఆసిలేటర్‌ను ఎంచుకుంటే ఈ సదుపాయమంతా వృథా. మెయిన్ సప్లై పోతే అది ఆగిపోతుంది. పైగా దాని ఫ్రీక్వెన్సీ 30 నుంచి 60 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

సెటప్‌లో వరస తప్పితే ఏదీ పనిచేయదు. ముందు పవర్, బ్యాకప్ బ్లాకుల క్లాకులు ఆన్ చేయాలి. పవర్ కంట్రోల్ రిజిస్టర్‌లో డీబీపీ బిట్ పెట్టాలి, లేకపోతే బ్యాకప్ విభాగంలో రాసిందేదీ నిలవదు. ఎల్‌ఎస్‌ఈ (32,768 హెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్) ఆన్ చేసి రెడీ బిట్ వచ్చేదాకా ఆగాలి. ఆ తర్వాతే క్లాక్ ఎంచుకుని ఆర్‌టీసీ ఎనేబుల్ చేయాలి. ఒకసారి ఎంచుకున్న క్లాక్ మార్చాలంటే బ్యాకప్ విభాగం మొత్తం రీసెట్ చేయాల్సిందే. కౌంటర్‌లో రాయాలంటే ఆర్‌టీఓఎఫ్‌ఎఫ్ బిట్ (ముందు రాసింది పూర్తయిందని చెప్పేది) 1 అయ్యేదాకా ఆగి, సీఎన్‌ఎఫ్ బిట్ (రాసే మోడ్‌లోకి పంపేది) సెట్ చేసి, విలువ రాసి, సీఎన్‌ఎఫ్ తీసేసి, మళ్లీ ఆర్‌టీఓఎఫ్‌ఎఫ్ కోసం ఆగాలి. చదివేటప్పుడు కౌంటర్ రెండు 16 బిట్ల ముక్కలుగా వస్తుంది. పై ముక్క, కింది ముక్క, మళ్లీ పై ముక్క చదవండి. పై ముక్క మారి ఉంటే మొదటి నుంచి చదవాలి. రీసెట్ తర్వాత మొదటిసారి చదివేముందు ఆర్‌ఎస్‌ఎఫ్ బిట్ (రిజిస్టర్లు సింక్ అయ్యాయని చెప్పేది) కోసం ఆగకపోతే తప్పుడు అంకె రావచ్చు.

తేదీ పోయే సమస్య చిప్ తయారీదారు ఎస్‌టీ వాళ్ల హాల్ లైబ్రరీలో (చిప్ భాగాలను నడిపే రెడీమేడ్ కోడులో) ఉంది. ఎఫ్1 చిప్‌లకు (ఎఫ్103 కూడా వీటిలోదే) అది కౌంటర్‌లో గంటలు, నిమిషాలు, సెకన్లే ఉంచి, తేదీని ర్యామ్‌లో పెడుతుంది. రీసెట్ అయితే తేదీ గల్లంతు. పైగా ఎస్‌టీ వాళ్ల కోడు తయారీ సాధనం క్యూబ్‌ఎంఎక్స్ ఇచ్చే కోడు, క్యాలెండర్ ఆన్ చేసి ఉంటే, బోర్డు లేచిన ప్రతిసారీ సమయాన్ని మొదటికి తెస్తుంది. హాల్ టైమ్ ఫంక్షన్లు వదిలేసి, కౌంటర్‌లో నేరుగా యూనిక్స్ సమయం (1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు) పెట్టుకోవడమే మేలు. చిప్‌లో 16 బిట్ల బ్యాకప్ రిజిస్టర్లు పది ఉన్నాయి. ఒకదాంట్లో గుర్తుగా ఒక సంఖ్య రాసి, లేవగానే అది కనిపిస్తే సమయం సెట్ చేసే భాగాన్ని దాటేయండి.

ఇక ఖచ్చితత్వం. క్రిస్టల్ 20 పీపీఎం (పది లక్షలకు 20 వంతులు) తేడాగా ఉంటే రోజుకు 1.7 సెకన్లు, నెలకు 52 సెకన్లు తప్పుతుంది. వేడి మరో సమస్య. ఈ రకం క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర అత్యంత వేగంగా ఉండి, అటైనా ఇటైనా నెమ్మదిస్తుంది. 45 డిగ్రీల్లో సుమారు 14 పీపీఎం, అంటే రోజుకు సెకనుకు పైగా వెనకబడుతుంది. సొంతంగా బోర్డు చేసుకునేవాళ్లు లోడ్ కెపాసిటెన్స్ 7 పికోఫారడ్లు మించని క్రిస్టల్ తీసుకోవాలి. 12.5 పికోఫారడ్లది వాడొద్దని ఈ చిప్ డేటాషీటే గట్టిగా చెబుతుంది, ఆసిలేటర్ మొదలవకపోవచ్చు. బ్లూ పిల్‌లో పీసీ14, పీసీ15 హెడర్‌కు (బోర్డు అంచున ఉండే పిన్నుల వరసకు) కూడా వెళ్తాయి. ఆ రెండు పిన్నులకు ఏమీ కలపొద్దు, కుదిరితే అక్కడ హెడర్ సోల్డర్ కూడా చేయొద్దు.

క్యాలిబ్రేషన్ సదుపాయం ఉంది కానీ గడియారాన్ని నెమ్మది చేయడానికే: ఒక్కో మెట్టు 0.954 పీపీఎం, 127 మెట్లు. పీసీ13 మీద 512 హెర్ట్జ్ బయటికి తీసి కొలవాలి. 512.01 వస్తే 19.5 పీపీఎం ఎక్కువ, కాబట్టి 20 రాయాలి. క్రిస్టల్ నెమ్మదిగా ఉంటే ప్రీస్కేలర్‌ను 32766 చేస్తే 30.5 పీపీఎం వేగం వస్తుంది, మిగిలింది క్యాలిబ్రేషన్‌తో తగ్గించుకోవచ్చు. మామూలు మల్టీమీటర్ ఈ తేడాను చూపలేదు. మంచి ఫ్రీక్వెన్సీ కౌంటర్ లేకపోతే, వారం పాటు నడిపి ఎన్‌టీపీ (ఇంటర్నెట్ టైమ్ సర్వర్) సమయంతో పోల్చండి.

డేటా లాగర్‌కు, నిద్రలోంచి లేపే అలారానికి, అప్పుడప్పుడు నెట్ నుంచి సమయం తెచ్చుకునే పరికరానికి ఈ ఆర్‌టీసీ ధారాళంగా సరిపోతుంది. నెట్ లేకుండా, ఎండల్లో చలిలో, ఏడాదికి నిమిషం అటూఇటూగా నిలవాలంటే డీఎస్3231 అనే విడి ఆర్‌టీసీ చిప్ తీసుకోండి. అది ఉష్ణోగ్రతను కొలిచి తనే సర్దుకుంటుంది, 0 నుంచి 40 డిగ్రీల దాకా 2 పీపీఎం లోపే ఉంటుంది.