ఇంగ్లండులో టైప్ 1 మధుమేహంతో చదువు: ఎన్‌హెచ్‌ఎస్ వైద్యసేవ గురించి ఏడాది తరువాత

గుంటూరు నుంచి ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండు వచ్చే నాటికే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని టైప్ 1 మధుమేహంతో నాకు పదేళ్ల సహవాసం ఉంది. విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య రుసుము కట్టించుకుంటారు కనుక, బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌ను ఉచిత సేవగా కాక, ముందే డబ్బు చెల్లించి కొనుక్కున్న సేవగానే ఇక్కడ తూకం వేస్తున్నాను.

నేను పేరు నమోదు చేయించుకోవడానికి వెళ్లిన జీపీ (కుటుంబ డాక్టరు) కేంద్రంలో చిరునామా రుజువు తెమ్మని తిప్పి పంపారు. నిబంధనల ప్రకారం అది తప్పనిసరి కాదని మర్యాదగా గుర్తు చేశాక ఒప్పుకున్నారు గానీ, డాక్టరును కలవడానికి మరో మూడు వారాలు పట్టింది. అమ్మ పట్టుబట్టి మూడు నెలల ఇన్సులిన్ సర్దకపోయి ఉంటే ఆ మూడు వారాలు ఎలా గడిచేవో ఊహించలేను.

మధుమేహ నర్సుతో జరిగిన మొదటి సమావేశం మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే. నేను ఇంటి దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాలను, వాటికి సరిపోయే ఎర్రమూత సిరంజీలను వాడేవాణ్ణి. ఇక్కడ ఇచ్చే ఇన్సులిన్ 100 యూనిట్లది కాబట్టి, దానిని పాత సిరంజితో అదే గీత వరకు ఎక్కించుకుంటే రెండున్నర రెట్లు మోతాదు ఒంట్లోకి వెళుతుంది. ఆమె నా సిరంజీలన్నింటినీ సూదులు పారేసే పసుపు డబ్బాలో వేయించి, ఇన్సులిన్ పెన్ను చేతికిచ్చి, నా చేత రెండుసార్లు చేయించి చూశాకే పంపించారు. రక్తంలో చక్కెర మన లెక్కలో 180 ఉంటే ఇక్కడి మీటరులో 10 అవుతుందని, మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్షలో మన ఎనిమిది శాతం హెచ్‌బీఏ1సీని 64గా రాస్తారని కూడా ఆమే చెప్పారు. ఆ 64 విని ఫోనులో అమ్మ కంగారుపడటం వేరే కథ.

ఇంగ్లండులో ప్రతి మందుకూ 9.90 పౌండ్లు వసూలు చేస్తారు. ఇన్సులిన్ వాడేవారికి మినహాయింపు ఉన్నా, ఎఫ్‌పీ92ఏ ఫారం మీద డాక్టరు సంతకంతో ధ్రువపత్రం తెచ్చుకోవాలని నాకెవరూ చెప్పలేదు. మొదటిసారి నాలుగు మందులకు 39.60 పౌండ్లు కట్టాను. కట్టేటప్పుడే ఎఫ్‌పీ57 రసీదు అడిగి ఉంటే ఆ డబ్బు తిరిగి రాబట్టుకోగలిగేవాణ్ణి.

చక్కెర స్థాయిని ఎప్పటికప్పుడు చూపే సెన్సార్ల విషయంలో ఫిర్యాదుకు తావు లేదు. టైప్ 1 ఉన్న పెద్దలందరికీ వాటిని ఇవ్వాలని ఏ చికిత్సలు ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2022లో సిఫారసు చేసింది, నాకూ అందాయి. తినే పిండిపదార్థాన్ని బట్టి ఇన్సులిన్ లెక్కించుకోవడానికి ఇచ్చిన ఆహార పట్టికలో మాత్రం పాస్తా, బంగాళాదుంపలే తప్ప పెసరట్టు లేదు. పెసరట్టు పిండిని తూచి ఆ లెక్క నేనే వేసుకున్నాను.

ఒక ఆదివారం పెన్ను పగిలి ఇన్సులిన్ అంతా కారిపోయింది. ఎన్‌హెచ్‌ఎస్ సహాయ నంబరు 111కు ఫోను చేస్తే వివరాలు అడిగి దగ్గరలోని మందుల దుకాణానికి పంపారు. సాయంత్రం భోజనానికి ముందే కొత్త పెన్ను చేతికొచ్చింది.