అద్దె ఫ్లాట్‌లో పిల్లికి బాల్కనీ వల: ఎండలూ వానలూ చూశాక

హైదరాబాద్‌లో పావురాలకు కట్టే నైలాన్ వలనే పిల్లులకూ కడుతున్నారు. కట్టే మనుషులు వాళ్ళే, వల అదే, కొక్కేలూ అవే. కానీ పావురం బయటి నుంచి వచ్చి వలను తాకి వెళ్ళిపోతుంది. నాలుగు కిలోల పిల్లి లోపలి నుంచి ఎగిరి దాని మీద పడుతుంది, గోళ్ళు దించి పైకి పాకుతుంది, మధ్యాహ్నం తోచక ఒకేచోట కూర్చుని కొరుకుతుంది. కట్టేవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పాలి. చెప్పకపోతే బాల్కనీకి వచ్చేది పావురాల కోసం కట్టే వలే.

మొదట కన్ను సైజు, అంటే వలలో ఒక్కో గడి వెడల్పు. పావురాలకు 50 మిల్లీమీటర్ల కన్ను సరిపోతుంది. పిల్లికూన తల అందులో దూరుతుంది కాబట్టి 25 నుంచి 30 మధ్య అడగండి. రంగు విషయం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళని ముందే అడగడం మంచిది. ముందు వైపు ఒకేలా కనిపించాలని కొన్ని గేటెడ్ కమ్యూనిటీల్లో పారదర్శకమైన వల తప్ప ఒప్పుకోరు.

మా వాడకంలో తేలిందేమిటంటే, వల మధ్యలో తెగడం అరుదు, అంచులో ఊడిపోవడమే ఎక్కువ. కొక్కేనికీ కొక్కేనికీ మధ్య అడుగున్నర వదిలితే అంచు తాడు సాగి కింద బొరియలా నోరు తెరుచుకుంటుంది. తల పట్టే సందు దొరికితే పిల్లికి మిగతా ఒళ్ళు లెక్క కాదు. పై అంచుకు అడుగుకొకటి, కింది అంచుకు తొమ్మిది అంగుళాలకొకటి, మూలల్లో రెండేసి వేయించండి. మామూలు జీఐ (జింకు పూత పూసిన ఇనుప) కొక్కేలు వానలకు తుప్పు పట్టి గోడ మీద ఎర్రటి చారలు దిగుతాయి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ చారల దగ్గరే అడ్వాన్స్ కోత మొదలవుతుంది. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ కొక్కేలకు కాస్త ఎక్కువైనా ఇవ్వవచ్చు.

రంధ్రాలు స్లాబ్ అడుగునా, పిట్టగోడ పక్కనా వేయించండి, టైల్ మీద వద్దు. తప్పనిసరైతే టైల్ దాటేవరకూ డ్రిల్ మెషిన్‌లో హ్యామర్ మోడ్ ఆపి, మామూలు తిప్పుడుతోనే దించమనాలి, లేకపోతే టైల్ పగులుతుంది. ఇంటి ఓనర్‌తో రంధ్రాల గురించి నోటిమాట సరిపోదు. పదకొండు నెలల అగ్రిమెంట్‌లో ఒక వాక్యమో, కనీసం వాట్సాప్‌లో ‘సరే’ అన్న మాటో ఉండాలి. అసోసియేషన్ మెజారిటీ తీర్మానం చేసినా పెంపుడు జంతువులను నిషేధించడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. కానీ మీరు సంతకం పెట్టిన అగ్రిమెంట్ షరతు వేరే సంగతి. రెండింటినీ కలిపి వాదించకండి.

వల పిట్టగోడకు బయటా లోపలా? బయట కడితే పావురాలు గోడ మీద వాలవు, పిల్లికి కూర్చునే గట్టూ దొరుకుతుంది. కానీ ఒక కొక్కెం ఊడితే చూడటానికి బయటికి వేలాడాలి. అద్దె ఇంట్లో మా ఓటు లోపలికే. నిచ్చెన వేసుకుని మనమే చూసుకోవచ్చు, ఖాళీ చేసేటప్పుడు మనమే విప్పుకోవచ్చు. గట్టు మీద పావురాల రెట్టలు కడుక్కోవడం దీనికి చెల్లించే ధర.

బాల్కనీకి ఇనుప గ్రిల్ ముందే ఉంటే డ్రిల్లింగ్ అక్కర్లేదు. గ్రిల్‌కే వల పరిచి నాలుగు అంగుళాలకో ప్లాస్టిక్ టై బిగిస్తే చాలు. తెల్లవి కొనకండి, ఎండకు పెళుసై చిటుక్కున విరుగుతాయి. ఎండ తట్టుకునే నల్లవి తీసుకోండి. స్టీల్ తీగల ‘ఇన్విజిబుల్ గ్రిల్’ చూడటానికి బాగుంటుంది, ఏళ్ళు నిలుస్తుంది. కానీ ఖరీదెక్కువ, తీగల మధ్య రెండు అంగుళాల సందు కూనకు ఎక్కువే, ఇల్లు మారితే వెంట రాదు. సొంతింటి వాళ్ళకు వదిలేయండి.

‘పిల్లి ఎక్కణ్ణించి పడ్డా కాళ్ళ మీదే దిగుతుంది, వల ఎందుకు’ అనేవాళ్ళుంటారు. ఎత్తు నుంచి పడిన 132 పిల్లుల లెక్క 1987లో న్యూయార్క్ పశువైద్యులు ప్రచురించారు. వైద్యం అందినవాటిలో దాదాపు తొంభై శాతం బతికాయి. అక్కడికక్కడే చనిపోయి ఆస్పత్రి దాకా రానివి ఆ లెక్కలో లేవు. బతికినవాటిలోనూ ఛాతీ దెబ్బలు, దవడ విరుగుళ్ళు మామూలే.

అందరూ బాల్కనీకి వల కట్టి బాత్‌రూమ్ వెంటిలేటర్‌ని మరిచిపోతారు. మన అపార్ట్‌మెంట్లలో అది పైపులు దిగే డక్ట్‌లోకి తెరుచుకుంటుంది. ఆ గాజు పలకలు ఫ్రేములో ఊరికే కూర్చుని ఉంటాయి, తలతో నెడితే జారిపోతాయి. డక్ట్‌లో పడ్డ పిల్లిని తీయడం బాల్కనీ కింద వెతకడం కన్నా కష్టం. వెంటిలేటర్ కొలతకు అరంగుళం కన్నున్న వెల్డ్ మెష్ (తీగలు అతికిన లోహపు జాలీ) ముక్క కోయించి చెక్క ఫ్రేముకు స్క్రూలతో బిగించండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తీసేసిన గుండ్రటి రంధ్రం, వాషింగ్ మెషిన్ పెట్టే యుటిలిటీ, ఏసీ పైపు కోసం కొట్టిన సందు కూడా చూడండి.

కిటికీలకు వెల్క్రోతో అంటించే దోమల వల పిల్లికి అడ్డం కానే కాదు, భుజం ఆనిస్తే ఊడివస్తుంది. జరిపే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీల్లో ఫైబర్ మెష్ కింది మూల రబ్బరు బీడింగ్‌తో సహా బయటికొస్తుంది. పిల్లుల కోసమే అమ్మే మందమైన పాలిస్టర్ మెష్ వేయించి, పాత మెష్ చుట్టి దాచండి, ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ బిగించి ఇవ్వవచ్చు. జరిగే మెష్ తలుపును పిల్లి పంజాతో నెట్టేస్తుంది కాబట్టి చిన్న గొళ్ళెం తప్పదు.

నెలకోసారి ప్రతి కొక్కెం దగ్గరా అరచేత్తో గట్టిగా నెట్టి చూడండి. వల దారాన్ని వేళ్ళ మధ్య రుద్దితే తెల్లటి పొడి రాలుతుంటే నైలాన్ పని అయిపోయినట్టే. పడమటి బాల్కనీలో ఇది ముందుగా కనిపిస్తుంది. కొరికిన చోట ముడి వేయకండి, ముడి చుట్టూ కన్నులు సాగుతాయి. అదే కన్ను సైజు ముక్కను నైలాన్ దారంతో పైన అల్లించండి.

వల వెనక మనీ ప్లాంట్, కలబంద కుండీలు ఉంచవద్దు, రెండూ పిల్లికి పడవు. నేల తుడవడానికి ఫినాయిల్ కూడా వద్దు. పాదాలకంటినదాన్ని పిల్లి నాకుతుంది, ఆ విషాన్ని దాని కాలేయం వదిలించుకోలేకపోతుంది.

ఖాళీ చేసే ముందు కొక్కేలు తిప్పి తీయండి, లాగితే ప్లాస్టర్ పెచ్చు ఊడుతుంది. కొక్కెం బిగించిన ప్లాస్టిక్ ప్లగ్‌ను కత్తి మొనతో లోపలికి నెట్టి వాల్ పుట్టీ రెండు విడతలుగా నింపాలి, ఎందుకంటే మొదటిది ఆరాక కుంగుతుంది. సాండ్‌పేపర్ రుద్ది, గోడ రంగు కాస్త అద్దండి. కొక్కేలు డబ్బాలో వేసుకోండి, కొత్త ఇంట్లో వల మాత్రమే కొత్తది కొనాలి.